గడ్డ ఎంగిలి

“ఎంగిలప్పా, ఎంగిలి! ఇంకేమంటావు దాన్ని? మన ఒంట్లోనే పుట్టి, మన రగతమే తాగి, మళ్లా మన రగతంలోకే ఉమ్ముతాండే గడ్డ అది. ఆ ఉమ్మిని పట్టుకుని, కడిగి, మందు చేస్తారంట. పదకొండేండ్ల నుంచి ఆపరేషను గదిలో బకెట్లు కడుగుతాండా నారాయణా, ఒక్క దినం కక్కుకోలేదు. ఆ ల్యాబు పాప ఈ మాట చెప్పిన దినం మాత్రం బయట కొళాయి కాడికి పోయి కక్కినా.”

మిట్టమధ్యాహ్నం. కర్నూలు ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్సు అంగడి బెంచీ మీద కూర్చుని, కృపమణి టిఫిను గిన్నెను ఒళ్లో పెట్టుకుంది గానీ మూత తీయలేదు. ఎన్నిసార్లు కడిగినా ఆమె చేతులకు మందునీళ్ల వాసన పోదు.

అంగడి నారాయణ మిషను ఆపేశాడు. అది నడుస్తుంటే మనిషి మాట సగమే వినబడుతుంది. ఇరవై ఏళ్లుగా రోగుల రిపోర్టులకు నకళ్లు తీస్తున్న మనిషి, చదవకుండా ఒక్క కాగితం కూడా తీయలేడు. పదో తరగతి తప్పినవాడే. తెలియని మాట కనబడితే చీటీ మీద రాసుకుని, టీకి వచ్చిన చిన్న డాక్టర్లను పట్టుకుని అడిగేవాడు. అట్లా కొంత, తప్పులు చేసి మరికొంత నేర్చుకున్నాడు.

“ఉమ్మి గాదులేక్కా,” అన్నాడు మెల్లగా. “చిన్న చిన్న పొట్లాలంట. సూదిమొన మింద వేలకొద్దీ పడతాయంట.”

“నువ్వు చదువుతావు, నేను కడుగుతా. దాని సంగతి ఎవురికి ఎక్కువ తెలుసో చెప్పు.”

నారాయణ నవ్వాడు. ఆమె ఏదో అడగడానికే వచ్చిందని అతనికి తెలుసు. ఎల్లుండి గురువారం ఆమె చెల్లెలు మహిమకు ఊపిరితిత్తి పక్కన చేరిన నీళ్లు తీస్తారు. ఆ నీళ్లు చెడిపోకుండా పరిశోధన చేసేవాళ్ల చేతికి చేరాలి. పోయినసారి గడ్డ చేరలేదు. చేరకుండా చేసింది కృపమణి చెయ్యే. ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు, ఈ పొద్దున చెల్లెలికి తప్ప. ఇప్పుడు నారాయణకు చెప్పాలని వచ్చి, ఎంగిలి దగ్గర ఆగిపోయింది.

అసహ్యమంటే ఏమిటో కృపమణికి చిన్నప్పుడే తెలుసు. కోడుమూరు దగ్గర పల్లె వాళ్లది. తాత దాసన్న తోళ్లు ఊని పదును చేసేవాడు. ఇంటి వెనక లంద ఉండేది, తోళ్లు నానబెట్టే గుంత. తంగేడు చెక్క నీళ్లు, సున్నం, చచ్చిన గొడ్డు వాసన, మూడూ కలిసి గాలిలో నిలబడి ఉండేవి. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు చెప్పులు కుట్టించుకోవడానికి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పది బారల దూరంలోనే నిలబడి, కొలత కోసం పాత చెప్పు విసిరేసేవాళ్లు. బళ్లో పిల్లలు కృపమణి పక్కన కూర్చునేవాళ్లు కాదు. ఆదివారం చర్చి గుడిలో పాట పాడేటప్పుడు మాత్రం ఆమె గొంతే ముందుండాలి.

“మా తాత నవ్వుతాండె,” అని చెప్పేది కృపమణి. “వాల్లకు ముక్కు ఉండాది, కాల్లు ఉండాయి. ముక్కు వద్దంటాది, కాలు కావాలంటాది అనేటోడు.”

ఆ తాత దగ్గర ఆమె ఒక్క పాఠం నేర్చుకుంది. తోలు ఒలిచిన గడియలోనే ఉప్పు పట్టించాలి. పచ్చిదాన్ని వట్టిగా పెట్టినోడు ఇంటికి పురుగును పిలిచినోడు, అనేవాడు తాత. ఎండాకాలం ఒక పూట ఆలస్యమైతే తోలు వెంట్రుకలు ఊడి, జిగట పట్టి, దేనికీ పనికిరాకుండా పోయేది. ఉప్పు చల్లడం కృపమణి పని. ఎనిమిదేళ్ల పిల్ల, రెండు చేతులా ఉప్పు, గోళ్ల సందుల్లో మంట.

తల్లి మహిమను కని పోయింది. అప్పటికి కృపమణికి పద్నాలుగేళ్లు. చెల్లెల్ని చంకనేసుకుని కూలికి పోయేది. పళ్లు రాని పిల్లకు వేయించిన చెనిక్కాయలు తాను నమిలి, మెత్తగా చేసి, నోట్లో పెట్టేది. మొగుడు పోయాక కర్నూలు వచ్చి ఆసుపత్రిలో పనికి చేరింది. కోసి తీసినవాటిని మోసే పని, రక్తం బకెట్లు కడిగే పనికి ఎవరూ ముందుకు రాకపోతే తాను చేస్తానంది. లంద పక్కన పెరిగినదానికి ఇదేం వాసన?

అక్కడ కూడా ఉప్పు పాఠమే పనికొచ్చింది. కోసిన ముక్కను వెంటనే ఫార్మాలిన్ పోసిన డబ్బాలో వెయ్యాలి, లేకపోతే కుళ్లిపోతుంది. రెండు ఎండాకాలాల కిందట ఒక ముసలామె ముక్కను ఆమె బంధువులు వట్టి నీళ్ల సీసాలో వేసుకుని, పరీక్షకు ఇవ్వకుండా ఇంటికి తీసుకుపోయి, మూడో నాడు తెచ్చారు. మూత తీస్తే గదిలో ఉన్నవాళ్లందరూ బయటికి ఉరికారు. అది చదవడానికి రాదన్నారు పరీక్ష చేసేవాళ్లు. ఏ రోగమో తెలియకుండానే ముసలామె పోయింది. సీసాలో మందు ఉందో లేదో చూడకుండా ఎట్లా పంపావని పెద్ద డాక్టరు అందరి ముందూ కృపమణి మీద అరిచాడు. ఆ రోజు నుంచి ముక్క పళ్లెంలో పడ్డదంటే ఆమె చెయ్యి ఆమెను అడగదు. డబ్బా, మందు, మూత. శ్వాస పీల్చినట్టు అయిపోతుంది.

మహిమను కోసిగిలో ఇచ్చారు. వానలు మొహం చాటేస్తే ఊరంతా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోయే పల్లె. మొగుడు జయకుమార్‌తో మహిమ కూడా పోయేది. కూతురు జీవితను హాస్టల్లో వేశారు. మిరపతోటలో ఉండగా ఎడమ రొమ్ములో గట్టిగా తగిలింది. కాయ కోత అయిపోనీ అనుకుంది. కోత అయ్యేసరికి అది నిమ్మకాయంతయింది. ఊరికి వచ్చాక ఎవరో చెబితే ఒక పసరు మందువాడి దగ్గరికి పోయింది. వాడు ఆకు నూరి, దాంట్లో ఏం కలిపాడో ఏమో, కట్టు కట్టాడు. నాలుగు నెలలు. లోపలి చెడు బయటికి వస్తోంది, మంచిదే అన్నాడు. చర్మం చిట్లి, రసి కారి, చీర తడిసినప్పుడు కూడా మంచిదే అన్నాడు.

ఈస్టరు పండుగ అయిన వారానికి మహిమ బస్సెక్కి అక్క దగ్గరికి వచ్చింది. ఆ బస్సు ప్రయాణం గురించి చెప్పేటప్పుడు కృపమణి ఎప్పుడూ ఒకసారి నేల మీద ఉమ్ముతుంది. ఎమ్మిగనూరు దాటకముందే పక్క సీటామె లేచిపోయింది. ముందు సీటాయన కిటికీ తీసి, తల బయటపెట్టి ఖాండ్రించాడు. వెనక్కి పోయి కూర్చోమని ఎవరో అన్నారు. మహిమ లేచి వెనక్కి పోయింది. జయకుమార్ మాత్రం ముందు సీట్లోనే కూర్చున్నాడు, ఈ ఆడమనిషి ఎవరో తనకు తెలియనట్టు.

“ఆ కంపు కన్నా వాడు కంపప్పా,” అంది కృపమణి. “మొగునికి మిరపకాయల మూట మోసినంత కాలం వాసన రాలేదు. నా కొంపకొచ్చి బయట వసారాలో పండుకునె. పెండ్లాం తాగిన గలాసు తాగడంట, వేరేది తెచ్చుకుంటాడంట. ఇది అంటురోగం గాదురా దరిద్రుడా అంటే, తెలుసులే వదినా, మనసొప్పదు అనె. మూడు దినాలుండి పోయె. మనసంట! వాని మనసు మింద నా బకెట్టు కుమ్మరించాలనిపించె.”

పరీక్షలు చేసి పేరు చెప్పారు. రొమ్ము క్యాన్సర్లలో మామూలుగా వెతికే మూడు గుర్తులూ లేని రకం. ఆ గుర్తులుంటే వాటిని పట్టుకుని కొట్టే మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి. లేకపోతే పట్టు చిక్కదు, పరుగెత్తడం మాత్రం ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లకే ఎక్కువ వస్తుంది. మహిమకు ముప్పై ఎనిమిది. ముందు కీమో ఇచ్చి గడ్డను తగ్గించి, తర్వాత కోద్దామన్నారు. జుట్టు రాలింది, గోళ్లు నల్లబడ్డాయి, పుండు మాత్రం ఎండుతూ వచ్చింది.

అప్పుడే మధులత వచ్చింది. పత్తికొండ దగ్గర టమాట రైతు కూతురు, ఊరవతల పరిశోధనశాలలో పని చేస్తుంది. ముప్పై ఏళ్లు ఉండవు. మంచం పక్కన స్టూలు లాక్కుని, పుండు వైపు చూసి కూడా ముక్కు చిట్లించకుండా కూర్చుంది. అది చూసే కృపమణి ఆ పిల్లను కసరకుండా ఊరుకుంది.

“గడ్డ ఊరికే ఉండదక్కా,” అంది మధులత. “మా నాయన నారు నాటేముందు మడి దున్ని, ఎరువేసి, నీళ్లు పెడతాడు కదా. ఇదీ అంతే. తాను పోయి కూర్చోవాలనుకున్న చోటికి ముందు చిన్న చిన్న పొట్లాలు పంపుతుంది, రక్తంలోకి. అవి పోయి మడి తయారు చేస్తాయి. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి చూడు, వాటికి జోల పాడి పండబెట్టేవి కూడా అవే.”

“థూ,” అంది కృపమణి.

“కానీ ఆ పొట్లాల మీద గడ్డ గుర్తులుంటాయి. దొంగ పారిపోతూ వదిలేసిన చెప్పును పోలీసు కుక్కకు వాసన చూపిస్తారు కదా. మేము ఆ పొట్లాలు పట్టుకుని, శుభ్రం చేసి, నిద్ర లేపే మందు వాటిలో పెట్టి, కాపలా కణాలకు చూపించాలని చూస్తాండాము. ఇదిగో వీడు, గుర్తుపెట్టుకోండి, ఎక్కడ కనబడినా కొట్టండి అని.”

“ఆ వాసనకు కుక్కే కక్కుకుంటే?”

మహిమ పకపకా నవ్వింది. కీమో మొదలైనాక అది ఆమె మొదటి నవ్వు. మధులత కూడా నవ్వి, మళ్లీ ముఖం సర్దుకుంది. “కక్కుకుంటాది కూడా. శానాసార్లు కుదరలేదు. ఇప్పటికి ఎలుకల మీదే చేస్తాండాము. మనుషుల దాకా ఎన్నేండ్లకు వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేను. నీకు మాత్రం ఇది అందదక్కా. అందుతాదని చెప్తే అబద్ధం. ఆపరేషను దినం నీ గడ్డలో పరీక్షకు పోను మిగిలిన ముక్క మాకిస్తావా? ఇవ్వకపోయినా నీ వైద్యం ఏమీ ఆగదు.”

“నాకందదని మొగం మిందే చెప్తివి,” అంది మహిమ. “ఆ పసరోడు నాలుగు నెలలూ అందుతాదనే చెప్పె. కాయితం ఇట్ల తే.”

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లు పోట్లాడుకున్నారు. దాని ఎంగిలి తీసి రేపు ఎవరి ఒంట్లోనో ఎక్కిస్తారా, ఆ పాపం మనకెందుకు, కోసి కాల్చి బూడిద చెయ్యాల్సిన దాన్ని గాజు గిన్నెలో పెట్టి బువ్వ పెట్టి సాకుతారా, అని కృపమణి. మహిమ గోడకు ఆనుకుని అంతా విన్నది.

“నాది ఒక రొమ్ము తినింది అది. ఊరికే కాలిపోతే దానికే లాభం. పని చెయ్యనీ. రేపు జీవితకు ఇట్లాంటిది వస్తే, అప్పటికి ఏమన్నా ఉండాల గదా.”

జీవిత పేరు వచ్చాక కృపమణి నోరు మూసుకుంది. కడుపు మాత్రం మూసుకోలేదు. తర్వాత చాలా రోజులు రొట్టె తుంచితే అదే గుర్తొచ్చేది, కంటికి కనబడని పొట్లాలు, కోట్లకు కోట్లు, చెల్లెలి నెత్తురులో ఈదుతూ.

క్రిస్మసుకు ఇరవై రోజుల ముందు ఆపరేషను. మధులత పొద్దున్నే నీలం రంగు ఐసు డబ్బా తెచ్చి, దానిలో ఖాళీ సీసా పెట్టి, ఇందులో ఫార్మాలిన్ మందు పొయ్యొద్దు, ముక్క పచ్చిగానే కావాలి అని కృపమణికి రెండుసార్లు చెప్పింది. డబ్బా మీద ఇంగ్లీషులో చీటీ అంటించింది. పరీక్షకు కావలసినంత డాక్టర్లు తీసుకున్నాక మిగిలింది సీసాలో వేసి తలుపు దగ్గర ఇస్తే చాలు, తాను బయటే ఉంటానంది.

చెల్లెలికి ఆపరేషను అని, ఆ రోజు పనిలోకి రావద్దన్నారు కృపమణిని. ఆమె వినలేదు. ఎవరో మోసేకన్నా నేనే మోస్తానంది. పళ్లెంలో వచ్చింది. పదకొండేళ్లలో అట్లాంటివి ఎన్ని చూసిందో ఆమెకే తెలియదు. పచ్చిజామకాయ కోసినట్టు తెల్లగా, గట్టిగా, అంచుల్లో పీత కాళ్ల మాదిరి పాకి ఉంది. డాక్టర్లు కోసుకున్నాక మిగిలిన సగం ఆమె ముందుంది.

“దాన్ని చూస్తిని,” అంది కృపమణి, జిరాక్సు అంగడిలో, గొంతు తగ్గించి. “నువ్వేనా అనుకుంటి. నేను నమిలి పెట్టి సాకిన పిల్లను తినింది నువ్వేనా? రోత పుట్టె నారాయణా, కాలి గోటి కాడి నుంచి. మళ్లా చూసేసరికి సీసా నిండా మందు ఉండాది, ముక్క దాంట్లో మునిగి ఉండాది, మూత నా చేతిలో ఉండాది.”

నారాయణ మిషను మూత దించి ఆమె వైపు తిరిగాడు.

“అయ్యన్న పక్కనే ఉండె. మా గదిలో సామాను చూసేటోడు. ఏమమ్మో, ఏం చేస్తివి, ఆయమ్మ వద్దని చెప్పిండె గదా అనె. బయటికి పోయి మధులతకు ఇస్తి. ఆ పాప సీసా ఎత్తి చూసి, వాసన చూసి, తిట్టను గూడా తిట్టలేదప్పా. తిట్టింటే బాగుండు. మందులో పడితే అన్నీ చచ్చిపోతాయక్కా, మాకింక పనికిరాదు అనె. కండ్లల్లో నీల్లు తిరిగి, ఫర్వాలేదులే అని ఖాళీ ఐసు డబ్బా ఎత్తుకుని పోయె.”

“అలవాటక్కా. చెయ్యి చేసిన పని.”

“నేనూ అదే చెప్పుకుంటాండ. ఆర్నెల్లాయె చెప్పుకుని. చెయ్యి మరిచిపోయిందో, కడుపు చెయ్యి చేత చేయించిందో నాకే తెలీదు. ఆ గడ్డను ఉప్పులో వేసి చంపాలని నాకుండె. ఆ ఉండేది చెయ్యికి తెలిసింటాది.”

తెలివి వచ్చాక మహిమ అడిగిన మొదటి మాట, తీసుకుపోయినారా అని. పోయినారులే, ఐసులో పెట్టుకుని, అంది కృపమణి. ఆ ఒక్క అబద్ధం ఆర్నెల్లు ఇంట్లో మంచం వేసుకుని పడుకుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ మహిమ చెప్పేది, నా గడ్డకు ఉద్యోగమొచ్చింది, ల్యాబులో పని చేస్తాంది, మా ఇంట్లో సర్కారు కొలువు దానికొక్కదానికే అని. గుడివాళ్లు ప్రార్థనకు వస్తే నవ్వించి పంపేది. ఫోనులో జీవితకు కూడా చెప్పింది. ప్రతిసారీ కృపమణి లేచి వాకిట్లోకి పోయేది. తన చేతులు చూసుకుంటే తనకే రోత. బకెట్టు కంపు నీళ్లు పోస్తే పోతుంది. ఇది ఏ నీళ్లకు పోతుంది?

ఎండలు ముదిరేసరికి మహిమకు ఆయాసం మొదలైంది. ఫొటో తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు. మడి దున్ని పెట్టుకున్న చోటికే వచ్చి కూర్చుంది గడ్డ. గురువారం సూదితో నీళ్లు లాగుతామన్నారు. ఆ మాట విని మధులత మళ్లీ వచ్చింది, ఈసారి ముందుగా కృపమణి దగ్గరికి. ఆ నీళ్లలో కూడా పొట్లాలు ఉంటాయంది. మహిమ ఒప్పుకుంటే తీసుకుంటాం, కానీ పోయినసారి సంగతి ఆమెకు తెలియకుండా మళ్లీ సంతకం అడగలేనంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని కూడా అడిగింది. నేనే చెప్తానంది కృపమణి. నాలుగు రోజులు చెప్పలేకపోయింది. ఈ పొద్దున చెప్పింది.

“ఏమనె మహిమ?” అన్నాడు నారాయణ.

కృపమణి టిఫిను గిన్నె మూత మీద వేలితో గీతలు గీసింది. ఎండ అంగడి గడప దాకా వచ్చి ఆగింది.

పొద్దున మహిమ పప్పులో నానేసిన రొట్టె తింటోంది. రెండు ముద్దలు తిని, ఆయాసానికి ఆగి, మళ్లీ ఒక ముద్ద. కృపమణి పళ్లెం ముందు కూర్చుని అంతా చెప్పేసింది, అబద్ధంతో సహా. మహిమ చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేసింది. తర్వాత ఊపిరి కూడదీసుకుని, థూ నీ మొగానికి, అంది. గట్టిగా కాదు. పొయ్యి కాడ పిల్లిని అదిలించినంత.

“గడ్డ చచ్చిందని గాదు లేక్కా,” అంది. “నేను ఒచ్చిన కాడినుంచి చూస్తాండా. నా గలాసు వేరే గూట్లో పెడతావు. నా పల్లెం వేరేగా తోముతావు, వేడినీల్లు పోసి. నా మొగున్ని దరిద్రుడంటివి. వాడు చెప్పి చేసె. నువ్వు చెప్పకుండా చేస్తాండావు.”

కృపమణి గూటి వైపు చూసింది. నిజంగానే గ్లాసు వేరుగా ఉంది. ఆ గ్లాసును అక్కడ ఎప్పుడు పెట్టిందో, ఎందుకు పెట్టిందో ఆమెకు జ్ఞాపకం లేదు. అంటురోగం కాదని ఆమెకు తెలుసు. జయకుమార్‌కు కూడా తెలుసు. తెలిసీ ఏడాదిగా ఆమె చెయ్యి ఆ పని చేస్తూనే ఉంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పది బారల దూరంలో నిలబడ్డ ఆ పెద్దింటి ఆడవాళ్లు గుర్తొచ్చారు.

మహిమ పళ్లేన్ని నేల మీద అక్క వైపు నెట్టింది. నానిన రొట్టె, మూడు వేళ్ల గుర్తులు, అంచున కొరికి వదిలేసిన ముక్క.

“తిను. పండ్లు రానప్పుడు నీ ఎంగిలి తిని పెరిగినా నేను. నాది ఒక పూట తిను, చూద్దాం.”

“తింటివా?” అన్నాడు నారాయణ.

“మొదటి ముద్ద గొంతులో నిలబడె. లంద కాడ కూడా నాకట్ల కాలేదు. మింగితి. రెండోది నోట్లోకి పోయినాంక, పప్పులో ఉప్పు తక్కువ అంటి. నువ్వు చేసిందే గదా అనె. మళ్లా ఇద్దరం ఏడిస్తిమి. గలాసు గూట్లోంచి తీసి నేనే దాంట్లో నీల్లు తాగితి. అంతా అయినాంక కాయితం తెమ్మనె. సంతకం పెట్టె, కాయితం చిరిగేంత గట్టిగా. ఈసారి గూడా చంపితివా, నేను సచ్చినాంక గూడా నీకు కల్లోకొస్తా అనె.”

ఆమె గిన్నె మూత తీసింది. లోపల పొద్దుటి పప్పులో మెత్తబడిన రొట్టె మిగులు ఉంది, చెల్లెలి పళ్లెంలోదే. రెండు ముద్దలు తిని, చేత్తో మూతి తుడుచుకుంది. నారాయణ బిందెలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు.

“ఇంక నీ కాడికి ఎందుకొచ్చినానో చెప్తా ఇను. గురువారం నేను మహిమ తల కాడ ఉంటా. చెయ్యి పట్టుకోమనింది. సూది పట్టేది డాక్టరు, సీసాలు అందించేది అయ్యన్న. వానికీ నా మాదిరి అలవాటే, నీల్లు సీసాలో పడగానే మందు కలుపుతాడు.”

“చెప్పరాదా అక్కా, అయ్యన్నకు?”

“చెప్పినా. మళ్లా చెప్తా. నాకు మాత్రం చెప్పలేదా? చెప్తే ఇనేది చెవి. పోసేది చెయ్యి. చెయ్యికి అడ్డం పడాల. ఆ పాప డబ్బా మింద ఇంగ్లీషులో రాసిండె, దాన్ని చదివేదెవురు? నువ్వు తెలుగులో కొట్టు, బొటనవేలంత అచ్చరాలు. ‘ఇది మహిమది. మందు పొయ్యగూడదు. ఐసులో పెట్టు.’ అంతే. డబ్బాకొకటి, సీసాకొకటి.”

నారాయణ అప్పటికే కాగితం తీసుకున్నాడు. “పేరు పెద్దగా పెట్టాల్నా?”

“అన్నిటికన్నా పెద్దగా పెట్టు. ఇంగొకటి. సీసా చీటీ పక్కన అంటించొద్దు, మూతకు అడ్డంగా రావాల. చింపితే గానీ మూత తెరుచుకోగూడదు. చింపేటప్పుడన్నా చెయ్యి ఒక్క గడియ ఆగుతాది.” ఆమె లేచి, గల్లాపెట్టె వెనక నారాయణ కుర్చీలో కూర్చుంది. “అచ్చు కొట్టినాంక బజారుకు పో. ఐసునీల్లల్లో తడిసినా ఊడిపోని టేపు యాడ దొరుకుతాదో చూసి తీసుకురా. ఈడ నీల్లల్లో ముంచి చూసినాంకనే నేను పోతా. ఎవురన్నా వస్తే మిషను నాకు రాదు, కూర్చోమని చెప్తా. పో నాయనా, కరెంటు పోకముందే.”